ఖాదర్ భాయ్ రాసిన ఆఖరి పక్షుల లెక్క

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు నవ్వొచ్చేది. నేను బొగ్గుబాయి టైం ఆఫీసులో గుమాస్తాని. ఊరెళ్లినవాళ్లకి, తాగి ఇంట్లో పడుకున్నవాళ్లకి కూడా మస్టర్లో హాజరు పడటం రోజూ చూసేవాణ్ణి. కనిపించని మనిషి డ్యూటీకి ఎలా హాజరవుతాడో నాకు బాగా తెలుసు. దాని వెనక దయ్యం ఉండదు, నాలాంటి గుమాస్తా ఉంటాడు.

అందుకే ఇది చదివి నవ్వేవాళ్లు నవ్వుకోండి. నాకు మాత్రం తలచుకుంటే భయం వేయదు. అసహ్యం వేస్తుంది.

తొంభైల మొదట్లో గోదావరిఖనిలో ఉండేవాళ్లం. బాయిలోంచి తోడిపోసే నీళ్లన్నీ చేరి ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో పెద్ద మడుగు తయారైంది. తుంగ పెరిగింది. చలికాలంలో పక్షులు రావడం మొదలైంది. ఫారెస్టు వాళ్లు పక్షుల రక్షిత ప్రాంతమని ఒక రేకు బోర్డు కూడా పాతారు.

ఆ నీళ్లు తోడే పంపు ఆపరేటరే ఖాదర్ భాయ్. నాకంటే పదేళ్లు పెద్ద. ఆ పక్షులంటే ఆయనకి పిచ్చి. "నా నీళ్లకొచ్చిన చుట్టాలు" అనేవాడు. ఆదివారం పొద్దున్నే ఇద్దరం సైకిళ్ల మీద పోయి ఏ పక్షి, ఎన్ని, ఎన్నింటికి కనిపించిందీ రాసుకొచ్చేవాళ్లం.

పంపు దగ్గర షిఫ్టు మారేటప్పుడు దిగేవాడూ ఎక్కేవాడూ ఇద్దరూ బుక్కులో సంతకం చేయాలి. ఖాదర్ భాయ్ ఆ పద్ధతినే మడుగు దగ్గరికీ పట్టుకొచ్చాడు. ముందు తను చూసి, "నువ్వు చూసినవా?" అని అడిగేవాడు. నేను "చూసిన" అన్నాకే రాసేవాడు. చివర ఇద్దరి సంతకాలు. ఒక్కడే చూసింది ఎంత అపురూపమైన పక్షైనా రాయనిచ్చేవాడు కాదు. ఆ పట్టుదల చూస్తే నాకు ఒక్కోసారి ఒళ్లు మండేది.

ఒక ఏడు మడుగు గట్టు మీద ఒక కాంట్రాక్టరు లారీలు కడిగి మడ్డినూనె మడుగులోకి వదిలే షెడ్డు వేశాడు. పర్మిట్టు కోసం అర్జీ పెట్టుకున్నాడు. పక్షులకి హాని జరుగుతోందని మేమిద్దరం సంతకాలు చేసి రాసిస్తే షెడ్డు ఎత్తేయిస్తాననీ, లేదంటే పర్మిట్టు ఇచ్చేస్తాననీ ఫారెస్టు రేంజరు చెప్పాడు. ఆ వచ్చే ఆదివారం లెక్కే దానికి ఆఖరి గడువు.

సరిగ్గా అప్పుడే ఖాదర్ భాయ్ ఆయాసం ముదిరి దవాఖానలో పడ్డాడు. శనివారం చూడ్డానికి వెళితే నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీళ్ల మీద మడ్డి వాసనొస్తుంది రాజన్నా. రేపు నువ్వు తప్పకుండ పోవాలె. ఒక్కనివే అయినా రాయి. ఈ ఒక్కదినం నీ కండ్లే నా కండ్లు."

"ఫికర్ చెయ్యకు భాయ్, పోత" అన్నాను.

పోలేదు. ఆ సాయంత్రం ఆఫీసులో ఒకాయన ప్రమోషన్ దావత్ ఇచ్చాడు. గొంతు దాకా తాగాను. ఆదివారం లేచేసరికి పది దాటింది. తల పగిలిపోతోంది. కిందటి వారం లెక్క ముందేసుకుని నాలుగు అంకెలు అటూ ఇటూ మార్చి కొత్త కాగితం మీద దించాను. నీళ్లు శుభ్రం, పక్షులు క్షేమం అని కింద రాశాను. నా సంతకం చేశాను. ఖాదర్ భాయ్ సంతకం కూడా నేనే చేశాను. ఆఫీసులో రోజూ చేసే పనే కదా.

కాగితం రేంజరుకి ఇచ్చి ఇంటికొచ్చేసరికి కబురు. మధ్యాహ్నం ఖాదర్ భాయ్ పోయాడు.

మూడో రోజు జియారత్ ప్రార్థనలు అయ్యాక ఆయన భార్య నా చేతిలో ఒక జేబు డైరీ పెట్టింది. "ఐతారం పొద్దుగాల లేచి కూసొని రాసిండు భయ్యా. 'నువ్వు చూసినవా, నువ్వు చూసినవా' అని అడుగుతనే ఉన్నడు. పక్కన నేను తప్ప ఎవ్వరు లేరు. గోళ్లల్ల మడ్డి ఎట్లొచ్చిందో స్నానం చేపిచ్చినోళ్లకు కూడ సమజ్ కాలె."

డైరీ తెరిస్తే లారీ మడ్డినూనె వాసన గుప్పుమంది. పేజీ మూల నల్లటి వేలిముద్ర. ఆయన చేతిరాతే. ఆదివారం, ఏడూ పది. నామాలకోళ్లు నలభై ఒకటి, నీటికాకులు పద్నాలుగు, బుడుబుంగలు తొమ్మిది, నత్తగుల్ల కొంగలు ఆరు. ప్రతిదాని పక్కనా ఒకే మాట: ఖతం. కింద ఆయన సంతకం. పక్కన నాకు వదిలిన జాగా.

దవాఖానకి వెళ్లి సిస్టరుని అడిగాను. శనివారం రాత్రి నుంచి ఆయన మంచం దిగలేదంది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉందట. ఆ గది కిటికీ తెరిస్తే పక్క వార్డు గోడ తప్ప ఏమీ కనిపించదు. నేనే తెరిచి చూశాను.

మర్నాడు మడుగుకి పోయాను. ఛీ! అర కిలోమీటరు ముందే మడ్డి వాసన, కుళ్లు వాసన కలిసి కొట్టాయి. నీళ్ల మీద మడ్డి మీగడలా కట్టింది. ఒడ్డు పొడవునా పక్షులు ఈకలు అంటుకుపోయి, పొట్టలు ఉబ్బి, కళ్లల్లో పురుగులతో పడి ఉన్నాయి. ముక్కుకి తువ్వాల కట్టుకుని, కర్రతో ఒక్కొక్కటీ తిరగేసి లెక్కపెట్టాను. రెండుసార్లు కక్కుకున్నాను. కుక్కలు పీకి వదిలేసిన రెండింటి కాళ్లూ రెక్కలూ కలుపుకుంటే డెబ్భై. ఏ జాతికి ఆ జాతి, డైరీలో ఎన్ని రాసి ఉన్నాయో అన్నే.

అట్నుంచి అటే డైరీ పట్టుకుని రేంజరు దగ్గరికి పోయాను. ఆయన నా కాగితాన్నీ డైరీనీ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. పర్మిట్టు అప్పటికే సోమవారం ఇచ్చేశాడట.

"ఏంది రాజన్నా ఇది? ఒక్కటే ఐతారం, ఒక్కటే మనిషి సంతకం, రెండు లెక్కలు. పర్మిట్టు రద్దు చెయ్యాలంటే ఇందులో ఏది దొంగదో నాకు తెల్వాలె. దొంగ సంతకమైతే కేసైతది మరి."

కేసంటే నౌకరీ పోతుంది. ఇద్దరు పిల్లలు. డైరీని వేలితో రేంజరు వైపు జరిపాను.

"డైరీదే సార్" అన్నాను. "జరంల ఏదో రాసిండు పాపం. పక్షులు మొన్న ఆదివారం తర్వాత సచ్చినయేమో."

ఆయన డైరీ నా చేతికిచ్చేశాడు. షెడ్డు నిలిచింది. రెండేళ్లలో మడుగు మీద ఒక్క కాకి కూడా వాలకుండా అయిపోయింది.

మంచం దిగని మనిషి ఆరు కిలోమీటర్ల అవతలి మడుగుని ఎలా చూశాడో, ఆ గోళ్లకి మడ్డి ఎక్కడిదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, వింటాను.

ఆ తర్వాత కొన్నాళ్లకి ఖాదర్ భాయ్ భార్య బజారులో ఎదురైంది.

"ఆయన రాసింది రేంజర్ సార్‌కు చూపిచ్చినవా భయ్యా? నమ్మిండా?"

"నమ్మిండు భాభీ" అన్నాను.