పెట్టె ఇచ్చి పాట ఉంచుకున్న పెద్దకోడలు

అనకాపల్లిలో బెల్లం కమీషన్ వ్యాపారం చేసే రాజబాబు ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా మొదట అతని భార్య సూర్యకాంతమ్మ ముందు పెట్టాలి. ఆవిడ ఆ ఇంటి పెద్దకోడలు. ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ళ భార్యలు, పిల్లలు, మంచం దిగకుండానే ఇంట్లో జరిగేవన్నీ వినే అత్తగారు అప్పలకొండమ్మ. ఇంతమందికీ ఒకటే పొయ్యి. అన్నదమ్ముల మధ్య ప్రేమ వల్ల ఆ పొయ్యి ఒకటిగా ఉందని బయటివాళ్ళు అనుకునేవారు. సూర్యకాంతమ్మ పంపకం వల్ల ఉందని ఇంట్లోవాళ్ళకి తెలుసు.

యలమంచిలి నుంచి కోడలిగా వచ్చిన కొత్తలోనే ఆ పని ఆవిడ చేతికొచ్చింది. పనసపండు కోస్తే తొనల లెక్క ఒక్కటే చూసేది కాదు, లావువీ సన్నవీ కలిపి కుప్పలు పెట్టేది. చీరల మూటవాడు వస్తే ఒకే అంచువి మూడుంటేనే బేరం. రెండే ఉన్నాయంటే మూట కట్టేసుకోమనేది. ఒక వేసవిలో రాజబాబు ముచ్చటపడి ఒక కూలర్ తెస్తే, అది ఎవరి గదిలో పెట్టాలో తేలక వెనక్కి పంపించేసింది. ఆ ఏడాది ఇంటిల్లిపాదికీ చెమట పట్టింది, అందరికీ సమానంగా.

కుప్పలు పెట్టాక చిన్నవాళ్ళని ముందు ఎంచుకోమనేది. ఆఖర్న మిగిలింది ఆవిడ వాటా. పండు మెత్తబడిందైనా, చీర రంగు తనకి నప్పనిదైనా ఒక్క మాట అనేది కాదు. ఇంట్లో బంగారం అత్తగారిది, డబ్బు మొగుడిది. 'పెద్దకోడలు పంచితే మళ్ళీ చూసుకోనక్కర్లేదు' అన్న పేరు ఒక్కటే ఆవిడ సొంతం.

రెండువేల ఆరులో, నూకాలమ్మ జాతర అయిన నెలలో రాజబాబు డీవీడీ ప్లేయరు కొందామని మెయిన్ రోడ్డులో ఎలక్ట్రానిక్స్ షాపుకెళ్ళి హోమ్ థియేటర్ కొన్నాడు. నల్లటి రిసీవరు, దాంతోపాటు ఐదు చిన్న స్పీకర్లు, ఒక పెద్ద ఊఫరు. రాజబాబు రిసీవర్ని బెల్లం దిమ్మని ఎత్తినట్టు రెండు చేతుల్తో ఎత్తి చూసేడు.

"బరువుంది. సరుకున్నట్టే. పెట్టెలెన్ని?"

"ఆరండి," అన్నాడు షాపులో ఫిట్టింగు పని చూసే అప్పలరమణ.

"హాలు, వంటిల్లు, అమ్మ గది, మా ముగ్గురి గదులు. ఆరు. లెక్క సరిపోయింది."

పెద్దాయన జోకు వేసేడనుకుని రమణ నవ్వేడు. అతనే వచ్చి ఆరింటినీ హాల్లో అమర్చేడు. టీవీ సౌండు పూర్తిగా కట్టేసి, "ఇకనించి టీవీ గొంతు ఇదేనండి. వారం పోయాక వచ్చి మీ అభిప్రాయం కనుక్కుంటాను, మా ఓనరు అడుగుతారు," అని చెప్పి వెళ్ళిపోయేడు.

మర్నాడు మధ్యాహ్నం, కరెంటు లేని వేళ, సూర్యకాంతమ్మ ఎలక్ట్రీషియన్ సత్తియ్యని పిలిపించి ఆరు పెట్టెలూ పంచింది. ఎప్పటిలాగే చిన్నవాళ్ళకే ముందు చెప్పింది. మూడోకోడలు చిన్నారి ఒక పెట్టె చూపించింది. రెండోకోడలు శాంతికుమారి ఇంకోటి తీసుకుంది. పెద్ద ఊఫరు, మర్యాద కొద్దీ, అత్తగారి గదికి వెళ్ళింది. ఒక పెట్టె మిగతావాటిలా నిలువుగా కాక అడ్డంగా పొడుగ్గా ఉంటే, పోపుల డబ్బాల పక్కన సరిగ్గా పడుతుందని వంటింటి అలమరలో పెట్టించింది. హాలుకి ఒకటి పోగా మిగిలింది తన గదికి తీసుకుంది. రమణ కట్టిన తీగల్నే సత్తియ్య పొడిగించి గదిగదికీ లాగేడు. కరెంటు లేదు కాబట్టి ఎవరూ ఏదీ వినలేదు.

ఆ సాయంత్రం సినిమా పెట్టేరు. హాల్లో అన్నదమ్ములు ముగ్గురూ కూర్చున్నారు. తెరమీద హీరోయిన్ తండ్రి నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, వేలు చూపిస్తున్నాడు. మాట లేదు. వంటింట్లో దోసెలు పోస్తున్న శాంతికుమారికి మాత్రం పోపుల డబ్బాల పక్కనించి ఎవరో మగాడు గట్టిగా అరిచినట్టయి అట్లకాడ కిందపడింది.

"ఏటన్నాడే?" హాల్లోంచి ఆమె మొగుడు కేకేసేడు.

"పెళ్ళి జరగదంటన్నాడు!"

"ఎవడి పెళ్ళి?"

"అది మీకు కనబడాల. నాకు మాటలే వత్తన్నాయి!"

కాసేపటికి తెరమీద దెబ్బలాట మొదలైంది. వెంటనే అప్పలకొండమ్మ గదిలోంచి కేక. "ఎవర్రా తలుపు బాదేత్తన్నారు? తియ్యండ్రా ఎవరో! ఇంటిమీద పడిపోనాడు!"

అలా నాలుగురోజులు గడిచేసరికి ఇంట్లో మనిషికో అభిప్రాయం తయారైంది. అంత మంచి సామాను అనకాపల్లిలో లేదని రాజబాబు. దాన్ని పెట్టిన దగ్గర్నించి గుండెదడ పట్టుకుందని అతని తల్లి. తన గదిలో వాన చప్పుడు, చప్పట్లు, ఎక్కడో గుర్రాలు పరిగెత్తడం తప్ప ఏమీ రాదని శాంతికుమారి. వంటింటి పెట్టె ఒక్కటే మనిషిలా మాట్లాడుతుందని అందరూ. ఎన్నడూ వంటింటి గడప తొక్కని మూడో తమ్ముడు వెంకటసాయికృష్ణ సినిమా వేళకి ముక్కాలిపీట తెచ్చుకుని పొయ్యి పక్కన కూర్చోవడం మొదలెట్టేడు.

అక్కడిదాకా నవ్వుకోడానికే ఉంది. చిక్కు పొద్దుటి భక్తిపాటల దగ్గరొచ్చింది. రాజబాబు స్నానం చేసి సీడీ పెడితే పాట హాల్లో ఉన్న ఒక్క పెట్టెలోనూ, సూర్యకాంతమ్మ గదిలో పెట్టెలోనూ మోగేది. చిన్నారి గదిలో పెట్టె, శాంతికుమారి గదిలో పెట్టె, వంటింటిది మూగపోయేవి.

చిన్నారి కాఫీ గ్లాసు పట్టుకుని పెద్దకోడలి గది గుమ్మంలో నిలబడి ఒక పాట పూర్తిగా వింది.

"బాగుందక్కా మీది."

"నీది మోగట్లేదా?"

"ఎందుకు మోగుద్ది?"

"నువ్వే కదే ముందు ఎంచుకున్నావు!"

"ముందు ఎంచుకోమంటే మాకేటి తెలుస్తాది? తెలిసినోళ్ళే ఆఖర్నుంటారు."

ఆ మాట అనేసి గ్లాసు కడుక్కోడానికి వెళ్ళిపోయింది. సూర్యకాంతమ్మ మంచం మీద కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళలో ఎవరైనా కుప్ప చిన్నదన్నారేమో గాని, తెలిసి చేసిందని ఎవరూ అనలేదు.

ఆవిడ జాగు చెయ్యలేదు. అందరూ టిఫిన్లకి కూర్చున్నప్పుడు తన గదిలోని పెట్టెని తీగ ఊడదీసి తెచ్చి చిన్నారి చేతిలో పెట్టింది. "ఇది నువ్వుంచుకో. నీది నాకియ్యి." చిన్నారి వద్దనలేదు. ఎవరి గదిలో ఉన్న తీగకి వాళ్ళు మారిన పెట్టె తగిలించుకున్నారు. రాజబాబు చెయ్యి కడుక్కొచ్చి సీడీ పెట్టేడు.

సూర్యకాంతమ్మ గదిలో, చిన్నారి ఇచ్చిన పెట్టెలోంచి, పాట ఖంగుమని మోగింది. చిన్నారి గదికి వెళ్ళిన పెట్టె నోరు మెదపలేదు.

అందరూ రెండు గదుల్లోకీ వెళ్ళి చెవి పెట్టి చూసేరు. ముందు తేరుకుంది చిన్నారే. "పెట్టె ఇచ్చేసి పాట ఉంచేసుకున్నారు!"

అందులో కిటుకేమిటో సూర్యకాంతమ్మకి నిజంగానే తెలీదు. తెలీదని చెప్పింది. ఎంత చెబితే, వినేవాళ్ళకి అంత తెలిసినట్టే ఉంది. మధ్యాహ్నానికి సాయికృష్ణ అన్నగారి ముందు నిలబడి, గోడ చూస్తూ, పిల్లల చదువులకి వీలుగా ఉంటుంది, వేరే పొయ్యి పెట్టుకుంటే ఎలా ఉంటుందని అడిగేడు. పిల్లల చదువులకీ పొయ్యికీ సంబంధమేమిటని రాజబాబు అడగలేదు. అందరికీ తెలుసు.

సాయంత్రం వంకాయలు తరుగుతున్న శాంతికుమారి పక్కన సూర్యకాంతమ్మ చతికిలబడింది.

"నువ్వూ అలాగే అనుకుంటన్నావా?"

"నేనెందుకు అనుకుంటానక్కా," అంది శాంతికుమారి, వంకాయల మీంచి తల ఎత్తకుండా. ఇంకో వంకాయ అందుకుని, "మొన్న దీపావళికి పట్టుచీరల్లో మీకొచ్చిందే బాగుందని మా అమ్మ అంది. అమ్మ మాటేలెండి," అని చేర్చింది.

సూర్యకాంతమ్మ లేచి వచ్చేసింది. ఆ చీర ఆఖర్న మిగిలిందే. కాని ఇప్పుడు ఆ మాట ఎవరికి చెప్పాలి? మిగిలిందే తీసుకున్నానంటే, 'అదే కదా మీ తెలివి' అంటారు. ఈ అనుమానం ముందుకి పాకలేదు, వెనక్కి పాకింది. పనసతొనల దగ్గర్నించి పిల్లల పలకల దాకా ఆవిడ పెట్టిన కుప్పలన్నీ మళ్ళీ తూకానికొచ్చేయి.

వారం తిరిగేసరికి, అన్న మాట ప్రకారం అప్పలరమణ వచ్చేడు. "ఎలాగుందండీ మా సెట్టు?" అనడమే తరువాయి, అందరూ ఒకేసారి అందుకున్నారు.

"గుండెదడ బాబూ!"

"గుర్రాలు!"

"మాటలన్నీ వంటింట్లోనే!"

"మా గదిలో పాటే లేదు!"

రమణ హాలంతా చూసేడు. తాను అమర్చిన చోట ఒక్క పెట్టే ఉంది. తీగలు పట్టుకుని గదిగదీ తిరిగొచ్చేడు. వంటింట్లో పోపుల డబ్బాల పక్కన పొడుగు పెట్టెని చూసినప్పుడు అతనికి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే బాగుండదని తల గోక్కున్నాడు.

"అమ్మా, ఇవి ఆరు సామాన్లు కావండి. ఒక్కటే. మాటలు ఒకదాన్లో వత్తాయి, పాట రెండిట్లో, వెనకాల చప్పుళ్ళు రెండిట్లో, దడ ఆ పెద్దదాన్లో. అన్నీ ఒకే గదిలో ఉంచి మధ్యలో మనిషి కూర్చుంటే అప్పుడు సినిమా. దీన్ని పంచుకోకూడదండి."

"మరి పెట్టెలు మార్చినా పాట నా గదిలోనే ఎందుకుండిపోయింది?" సూర్యకాంతమ్మ అడిగింది. అతను వచ్చిన దగ్గర్నించి ఆవిడ ఎదురుచూసింది ఈ ఒక్క మాట కోసమే.

"పాట తీగలో వత్తాదమ్మా. పెట్టెలో ఏమీ ఉండదు. తీగ మార్చాలి."

ఆవిడ చిన్నారి వైపు చూసింది. చిన్నారి తగ్గలేదు. "అయితే ఆ తీగ అక్క గదికే ఎందుకెళ్ళింది?"

రమణ ఆ తగువులోకి దిగకుండా వేరే ఉపాయం చెప్పేడు. రిమోట్‌లో ఒక బటన్ నొక్కితే ఐదు చిన్న పెట్టెల్లోనూ ఒకే పాట వస్తుంది. పెద్దదాన్లో మాత్రం దడే.

"ఇన్నాళ్ళూ చెప్పవేటయ్యా! నొక్కీ!" అన్నాడు రాజబాబు, బతికిపోయినట్టు.

"ఆగండి," అంది సూర్యకాంతమ్మ. బటన్ నొక్కితే పాట సమానమవుతుంది. తన మీద పడ్డ మాట అలాగే ఉంటుంది. రమణ చేతిలోంచి రిమోట్ తీసుకుని చిన్నారి చేతిలో పెట్టింది. "నువ్వు పంచు. ఎలా పంచితే అలాగే. నేను నోరెత్తను."

చిన్నారి ఇది అనుకోలేదు. అయినా వెనక్కి తగ్గే రకం కాదు. రమణ చేత ఆరు పెట్టెలూ హాల్లోకి తెప్పించి మళ్ళీ మొదట్లాగే పెట్టించింది. మధ్యలో ఒక కుర్చీ వేయించింది. ఆ కుర్చీకి వంతులు పెట్టింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఏడుగురు, వారానికి ఏడు రోజులు. సోమవారం అత్తగారు, అక్కడినించి వయసు వరసన ఒక్కో రోజు ఒక్కొక్కరు. అందరికన్నా చిన్నది కాబట్టి తను ఆఖర్న. ఎవరూ వంక పెట్టలేదు. అప్పలకొండమ్మని కూడా సోమవారం మోసుకొచ్చి కుర్చీలో కూర్చోబెడితే, దడ తన మంచం పక్కనించి పోయింది కాబట్టి ఫరవాలేదంది.

ఆదివారం వచ్చింది. వారమంతా పాత సినిమాలు తిప్పి తిప్పి చూసినా, అద్దెకి కొత్త డీవీడీ తెచ్చేది ఆ ఒక్క రోజే. అందరూ చేరేరు. చిన్నారి వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

శాంతికుమారి చాప మీంచి కుర్చీ వైపు ఒకసారి చూసింది. "ఆఖర్న తీసుకుందంటే ఎంత మంచిదో అనుకున్నాం. ప్రతీ కొత్త సినిమాకీ కుర్చీ నీదేనన్నమాట!"

"అది కాదక్కా, నేను సోమవారం నించి లెక్కెట్టేను..."

"లెక్క తెలిసినదానివే పెట్టేవులే."

అన్నదమ్ములు తెరవైపు తిరిగిపోయేరు. చిన్నారి కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వచ్చేసింది. సూర్యకాంతమ్మ అక్కడ పకోడీలకి ఉల్లిపాయలు తరుగుతోంది. హాల్లో మాటలన్నీ వినబడ్డాయి. ఇప్పుడు ఆవిడ ఏమన్నా చెల్లుతుంది. కావాలంటే చిన్నారి మొన్నన్న మాట అక్షరం మార్చకుండా తిరిగి అప్పగించొచ్చు. చిన్నారి కూడా అందుకు సిద్ధపడే వచ్చినట్టు నిలబడింది.

సూర్యకాంతమ్మ చెయ్యి తుడుచుకుని గుమ్మం దాకా వెళ్ళింది. "శాంతీ, అది కావాలని చెయ్యలేదు. వరస అలా పడింది. నాకు తెలుసు," అని హాల్లోవాళ్ళందరికీ వినబడేలా చెప్పి, వచ్చి మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది. పెద్దకోడలు తేల్చి చెప్పిన మాట కాబట్టి హాల్లో ఎవరూ ఎదురు చెప్పలేదు. సినిమా మొదలైంది.

చిన్నారి ఎదురుగా కూర్చుని ఒక ఉల్లిపాయ అందుకుంది. సగం దాకా పొట్టు తీసింది.

"మీరూ కావాలని చెయ్యలేదులెండి," అంది.

"ఆ మాట వాళ్ళకి వినబడాల."

చిన్నారి మిగతా పొట్టు కూడా తీసి ఉల్లిపాయ పక్కన పెట్టింది. తరవాత లేచి గుమ్మంలోకి వెళ్ళి, సినిమా సౌండుని మించిన గొంతుతో చెప్పింది. ఎవరు విన్నారో ఎవరు వినలేదో గాని, రాజబాబు సౌండు తగ్గించి, "ఏటన్నావు?" అన్నాడు. చిన్నారి మళ్ళీ చెప్పింది, ఈసారి మామూలు గొంతుతో. "తీగ అక్క కావాలని లాగించుకోలేదు బావగారూ. నేనే తప్పు మాటన్నాను."

వేరు పొయ్యి మాట ఆ ఏడాదికి ఆగిపోయింది. వెనక్కి వచ్చి కూర్చున్న చిన్నారికి సూర్యకాంతమ్మ శనగపిండి డబ్బా చూపించి, పిండి మరీ జారుగా కలపొద్దని చెప్పింది.