గుమ్మం బయటి సబ్బు

తోటలో అందరూ అతన్ని చెట్ల డాక్టరనే పిలుస్తారు. బెరడు మీద పుండు లేపి, చెట్టును నిలువునా చంపే బూజు ఒకటుంది. ఆ బూజుకే జబ్బు తెచ్చే వైరస్ ఇంకొకటుంది. ఆ వైరస్ పట్టి నీరసించిన బూజును అతను సీసాల్లో పెంచుతాడు. పుండు చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు తొలిచి, బొటనవేలితో అద్దుతాడు. అద్దాక, పసిపిల్ల నుదురు తడిమినట్టు కాసేపు కాండం మీద అరచెయ్యి ఉంచుతాడు. జబ్బు ఈ బూజు నుంచి ఆ బూజుకు పాకితే చెట్టు తేరుకుంటుంది.

సాయంత్రం ఇంటికొచ్చి, గుమ్మం బయట కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటాడు. అది భార్య పెట్టిన షరతు. "తోటలో రోగమంతా ఇంట్లోకి మోసుకురాకండి" అనేదావిడ. "మనుషులకు అంటదే పిచ్చిదానా, బూజుకే" అని రోజూ వాదించి, సగం సగం కడుక్కుని లోపలికి దూరేవాడు. పోయిన చలికాలం ఆవిడ ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. బూజుతో ఏ సంబంధమూ లేని జబ్బు. దానికి మందు అతని సీసాల్లో లేదు. మొన్న చూడటానికొచ్చిన చెల్లెలు, గోళ్ల సందులు కూడా తోముకుంటున్న అన్నను గుమ్మంలోంచి చూసింది. "అది మనుషులకు అంటదని వదినతో రోజూ వాదించేవాడివిగా, అన్నయ్యా?" అంది. "అప్పుడు వాదించడానికి మనిషుందిగా" అని అతను మళ్లీ సబ్బు అందుకున్నాడు.