అంటుకోని దురద

ఆదివారం పొద్దున ఆళ్లగడ్డ నుంచి పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. "అన్నా, అమ్మ పోయింది. నిద్రలోనే పోయింది," అంది. అంతకు మించి చెప్పలేకపోయింది. గుండె ఆగిపోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు.

సమాధి దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది ఒకే మాట అన్నారు. "పాపం, ఆ దురదతో ఎంత అవస్థ పడిందో." అవస్థ పడిన మాట నిజం. 'పాపం' అన్నదే సరికాదు. బతికుండగా ఎవరైనా తన ముందు ఆ మాట అంటే ఆమె ఊరుకునేది కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె మా అమ్మకు అక్క. ఆళ్లగడ్డలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైంది. షుగరు వల్ల రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు బస్సెక్కి నంద్యాల వచ్చి డయాలసిస్ చేయించుకునేది. నేను ఉండేది నంద్యాలలోనే కాబట్టి వీలైనప్పుడల్లా ఆసుపత్రికి వెళ్లి ఆమె పక్కన కూర్చునేవాణ్ణి.

డయాలసిస్ మొదలైన కొన్నాళ్లకు దురద పట్టుకుంది. ఒంటి మీద దద్దుర్లు లేవు, పొక్కులు లేవు. చర్మం కింద ఏదో పాకుతున్నట్టు ఉంటుందని చెప్పేది. గోకితే ఆ క్షణానికి హాయి, ఆ వెంటనే ఇంకా ఎక్కువ. గోకి గోకి చేతుల మీద నల్లటి మచ్చలు పడ్డాయి. చూసిన ప్రతివాళ్లూ ఒక వైద్యం చెప్పారు. వేపాకు నూరి పూసుకుంది. పొగలు కక్కే నీళ్లు పోసుకుంది, దాంతో చర్మం ఇంకా ఎండిపోయింది. మందుల షాపులో అడిగితే గజ్జికి రాసే పూతమందు ఇచ్చారు. ఆ మందు వాసన ఊళ్లో అందరికీ తెలుసు. అసలు ఇబ్బంది అక్కడ మొదలైంది.

చర్చిలో ఆడవాళ్ల వైపు ముందు బెంచీ పెద్దమ్మది. పాట ఎత్తుకునేది ఆమే. ఆ బెంచీలో ఆమె పక్కన కూర్చునేవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. ప్రభు భోజనం నాడు వాళ్ల సంఘంలో అందరూ ఒకే గిన్నెలోంచి ద్రాక్షరసం తాగుతారు. ఒకసారి దానికి ముందురోజు సంఘపెద్ద పెద్దమ్మ ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. కుర్చీ అంచున కూర్చుని చాలాసేపు వానల గురించి, శనగ పంట గురించి మాట్లాడాడు.

"చెప్పప్పా, నువ్వు శనగల కోసం వచ్చినట్టు ల్యా," అంది పెద్దమ్మ.

"టీచరమ్మా, తప్పుగా అనుకోవద్దు. రేపు గిన్నె దగ్గరికి నువ్వు ఆఖర్న వస్తే బాగుంటాదని ఆడోళ్లు అంటాండారు."

"ఆఖర్న ఏందీ?"

"అదే, నీ ఒంటికి ఆ దురద..."

"అంటుకుంటాదనా?"

"నేననల్యా తల్లీ. వాళ్లంటాండారు."

"ఆ వాళ్లు యాడుంటారో చెప్పు. నేనే పోయి వాళ్ల గడప మీద కూర్చుని గోక్కుంటా."

ఆయన టీ సగంలోనే వదిలేసి లేచాడు. ఆయన వెళ్లాక పెద్దమ్మ టీ గ్లాసు తీసి పక్కన పెట్టింది. తర్వాత నాతో అంది: "రేపు పోనురా. భయపడి గాదు. ఇదేందో నాకే సరిగ్గా తెల్దు. తెలుసుకొని పోతా. ఆ బెంచీ మాత్రం ఇడిసిపెట్టను."

తర్వాతి డయాలసిస్ నాడు డాక్టరును నిలబెట్టి అడిగింది. ఆయన పెద్దమ్మ చేతులు చూశాడు, రక్తపరీక్షలు చూశాడు. ఇది గజ్జి కాదన్నాడు. కిడ్నీలు పనిచేయనప్పుడు రక్తంలో మలినాలు, ఫాస్ఫరస్ పేరుకుంటాయని, చర్మం ఎండిపోతుందని, డయాలసిస్ మీద ఉన్న చాలామందికి ఈ దురద వస్తుందని చెప్పాడు. తర్వాత, "మిషన్ మీద టైమంతా ఉంటున్నారా?" అని అడిగాడు.

పెద్దమ్మ మిషన్ దగ్గరున్న టెక్నీషియన్ వైపు చూసింది. టెక్నీషియన్ నవ్వాడు. "ఆళ్లగడ్డోళ్లు ఎవరూ ఉండరు సార్. బస్సు పోతాదని ముందే తీసేయమంటారు."

నిజమే. సాయంత్రం బస్సు తప్పితే తర్వాతి దాంట్లో సీటు దొరకదు. అందుకని ఆ వైపు వాళ్లంతా టైము కాకముందే సూదులు తీయించుకుని బస్టాండుకు పరిగెత్తేవారు. అది అందరికీ అలవాటైపోయింది, తప్పని ఎవరూ అనుకోలేదు. ఇంకో పొరపాటు కూడా బయటపడింది. ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర అన్నంతో పాటు వేసుకోవాలి. ఆమె పొద్దున్నే మిగతా మాత్రలతో కలిపి పరగడుపున మింగేది.

"అంటే ఇన్నాళ్లూ రక్తం సగం కడిగించుకొని పోతాంటినా?"

"సగమని కాదమ్మా, కానీ తక్కువే."

"సరే, ఇంక ఆ బస్సు మాట ఎత్తను. సార్, ఇంకొక్కసారి చెప్పండి, ఇది అంటుకోదని. గట్టిగా చెప్పండి. ఈడ అందరికీ ఇనపడాల."

డాక్టరు గట్టిగానే చెప్పాడు. పక్క మంచంలో పాణ్యం నుంచి వచ్చే కిరాణా షాపు ఆయన ఉండేవాడు. ఆయనకూ ఇదే దురద. ఎండాకాలంలోనూ మెడదాకా దుప్పటి కప్పుకునేవాడు. పెద్దమ్మ ఆయన వైపు తిరిగింది. "ఇన్యావా అన్నా? ఇంక దుప్పటి తీయి. దురద మనదే, సిగ్గు మనది గాదు." ఆయన దుప్పటి తీయలేదు గానీ, చాలాసేపు నవ్వాడు.

తర్వాతి ప్రభు భోజనం నాడు నేను కావాలనే ఆళ్లగడ్డ వెళ్లాను. ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పే సమయం ఉంటుంది. జబ్బు నయమైనవాళ్లు లేచి, నయమైందని చెబుతారు. నయం కానివాళ్లు లేవరు. పెద్దమ్మ లేచింది.

"నాకు దురద తగ్గల్యా. పూర్తిగా తగ్గుతాదో ల్యాదో డాక్టరుకూ తెల్దు. ఇది కిడ్నీల వల్ల వచ్చింది, ఎవురికీ అంటుకోదు. నన్ను ఆఖర్న రమ్మన్యారు. రాను. ఎప్పుడూ మొదట పోతాంటి, ఇప్పుడూ మొదటే పోతా. నా ఎనక నిలబడేది, నిలబడంది మీ ఇష్టం. ఇదే నా సాక్ష్యం."

ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఆమె వెళ్లి గిన్నె అందుకుని తాగింది. వెనక కాసేపు ఎవరూ లేరు. మొదట లేచింది సంఘపెద్ద భార్య. ఆమె వెనక ఇంకొందరు లేచారు. చివరిదాకా లేవనివాళ్లూ ఉన్నారు.

ఆ తర్వాత పెద్దమ్మ మిషన్ మీద నుంచి ఒక్కసారి కూడా టైము కాకముందే లేవలేదు. మాత్ర అన్నంతో వేసుకుంది. ఫాస్ఫరస్ ఎక్కువని ఇష్టమైన వేరుశనగ పచ్చడి తగ్గించింది. చల్లటి నీళ్లతో స్నానం చేసి, ఒళ్లు తడిగా ఉండగానే కొబ్బరినూనె రాసుకునేది. గోళ్లు పొట్టిగా కత్తిరించుకుంది. డాక్టరు ఇచ్చిన చిన్న మాత్రతో నిద్ర పట్టడం మొదలైంది. దురద తగ్గింది, పోలేదు. కొన్ని రోజులు బాగా వేధించేది. అప్పుడు తడిగుడ్డ అదిమిపెట్టుకునేది. దానికీ లొంగకపోతే అందరి ముందే గోక్కునేది, చేతులు పైట కింద దాచుకునేది కాదు.

నేను ఆమెను చివరిసారి చూసింది నంద్యాల బస్టాండులో. డయాలసిస్ పూర్తయ్యేసరికి ముందు బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు నిండకముందే ఎక్కి, కిటికీ పక్కన సీటు పట్టి కూర్చోబెట్టి, కిందికి దిగి ఆ కిటికీ దగ్గరే నిలబడ్డాను. కాలేజీ బ్యాగు తగిలించుకున్న ఒక అమ్మాయి ఎక్కింది. పెద్దమ్మ పక్కన సీటు ఖాళీగా ఉన్నా, ఆ చేతుల మీద మచ్చలు చూసి నిలబడే ఉంది.

"కూర్చోమ్మా. ఇది కిడ్నీల దురద. అంటుకోదు."

ఆ అమ్మాయి కూర్చుంది. పెద్దమ్మ భుజాలు అటూ ఇటూ కదిలించింది.

"ఈ చేతికి ఇప్పుడే సూదులు తీసినారు, ఎత్తకూడదు. వీపు అందడంల్యా. రోంత రుద్దుతావా?"

ఆ అమ్మాయి కిటికీలోంచి నా వైపు చూసింది.  తర్వాత మెల్లగా పెద్దమ్మ వీపు మీద చెయ్యి వేసింది.

"ఆడ గాదు, కిందికి. ఇంగ రోంత. ఆ, ఆడ. గట్టిగా రుద్దు తల్లీ, నేనేం ఇరిగిపోను."

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. బస్సు కదిలింది. పెద్దమ్మ ముందు సీటు కడ్డీకి నుదురు ఆనించి కళ్లు మూసుకుంది. బస్సు మలుపు తిరిగేదాకా ఆ అమ్మాయి చెయ్యి ఆమె వీపు మీద పైకీ కిందికీ కదులుతూనే ఉంది.