గడ్డికి సమ్మర్ కటింగు

వీధిలో అందరికీ ఆయన సెలూన్ మామ. బతుకంతా ఒకే కుర్చీ వెనక నిలబడ్డాడు. కొట్టు మానేశాక కూడా, ఎవరు ఎదురైనా ఆయన చూపు ముందు చెవుల పైకే పోయేది. చెయ్యి తిరిగినవాడు. తన చేతి కింద తల పెట్టినవాళ్లు మాట్లాడకూడదని ఆయన నియమం. ఆ నియమం ఇంట్లోనూ నడిచింది.

ఇంటి ముందు పచ్చిక మాత్రం ఆయనది కాదు, భార్యది. గేటుకీ గుమ్మానికీ మధ్య, నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేంత నేల. కంకర ఏరి, మట్టి పోసి, పిలకలు ఒక్కొక్కటీ గుచ్చి ఆవిడే పెంచింది. సాయంత్రాలు చెప్పులు విప్పి దాని మీద తిరిగేది. ఆయన కొట్టు మూసి వచ్చేసరికి ఆ తిరగడం అయిపోయేది.

ఎండలు మొదలవుతుండగా ఆవిడ స్నానాల గదిలో జారిపడింది. తుంటి విరిగింది. రాడ్డు వేశారు. మంచం కిటికీ పక్కకు చేరింది. మందుల షాపులో పనిచేసే కూతురు ఆదివారాలు వచ్చి, వాకర్ పట్టుకుని నిలబడటం నేర్పేది.

"నడక వచ్చిన రోజు ముందు గడ్డి మీదికి తీసుకెళ్లండి. ఆ తర్వాత మీ ఆస్పత్రులూ, మీ పరీక్షలూ," అంది ఆవిడ.

"అలాగేనమ్మా. గడ్డి ఎక్కడికి పోతుంది?"

అది ఎక్కడికీ పోకుండా చూసే పని సెలూన్ మామ మీద పడింది.

మొదటి రోజు ఆవిడ కిటికీలోంచి చెప్పింది. "పొద్దున్నే, ఎండ రాకముందు పైపు వదలండి. నేల లోపలిదాకా తాగాలి. తాగాక నాలుగైదు రోజులు దాని జోలికి పోకండి."

"మాడ్చి చంపమంటావా?"

"మాడదండీ. నీళ్లు వెతుక్కుంటూ వేళ్లు కిందికి దిగుతాయి. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు పైనే ఉండి ఉడికిపోతాయి."

"తలలు తడపడం నాకు నేర్పుతోంది చూడు," అని ఆయన నవ్వాడు.

"అది తల కాదు."

ఆయన రోజూ మిట్టమధ్యాహ్నం చిలకరించాడు. కొట్టులో సీసా పట్టుకుని తుంపర కొట్టినట్టే, పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి. గడ్డి మెరిసేది. పక్కింటి టైలరు గోడ మీంచి తల పెట్టాడు.

"అత్తకి కూడా ఇంత సేవ చేసి ఉండవు మామా."

"దీనికి నోరు లేదురా. అదే దీంట్లో సుఖం."

కిటికీ తెరిచే ఉంది. ఆవిడ వింది.

గడ్డి చీలమండలు తాకేంత పెరిగింది. ఎండాకాలం అంత ఉండాలంటుంది ఆవిడ. ఒక పరక నీడ ఇంకో పరక మొదట్లో పడాలి, అప్పుడు నేల కాలదు. ఆయనకు మాత్రం పొద్దున తలుపు తీస్తే, బారెడు జుట్టేసుకుని ఎవడో వచ్చి కుర్చీలో కూర్చున్నట్టుండేది. చేతులు ఊరుకునేవి కావు.

"చివర్లు కాస్త తీస్తాను."

"చివర్లే. గడ్డి కోసే మిషను బాగా పైకి పెట్టి తీయండి. రాలింది అక్కడే ఉంచండి, నేలకి కప్పుగా ఉంటుంది."

"కింద రాలింది ఊడవకపోతే కొట్టు గుమ్మం ఎవడు తొక్కుతాడే?"

"ఇది కొట్టు కాదని ఎన్నిసార్లు చెప్పను!"

వచ్చే ఆదివారం అమ్మను బయటికి నడిపించవచ్చని డాక్టరు అన్నట్టు కూతురు ఫోన్ చేసింది. సెలూన్ మామ సంబరపడ్డాడు. ఆ సంబరం నిజమైనదే. పెళ్లికొడుకు తల దొరికినట్టే అనుకున్నాడు. నొప్పి మాత్ర వేసుకుని ఆవిడ నిద్రపోయాక గడ్డి మిషను బయటికి తీశాడు. బ్లేడు వేలితో చూసుకుని, నూరి, అడుగంటా దించాడు. ఎండలు ముదిరితే కొట్టు ముందు జనం బారులు తీరడం ఆయన చూసినవాడు. తలకి గాలి తగలాలి మామా అని అందరూ అడిగేది ఒకటే కటింగు. అదే గడ్డికీ చేశాడు. గోడ వారన, గేటు కింద కత్తెరతో సరిచేశాడు. రాలినదంతా ఊడ్చి సంచుల్లో నింపి వీధి చివర పోసి వచ్చాడు.

కోసిన గడ్డి వాసనకు ఆవిడకు మెలకువ వచ్చింది. కిటికీ ఊచ పట్టుకుని లేచింది. నేల చర్మం కనిపిస్తోంది.

"ఏం చేశారు?"

"సమ్మర్ కటింగు. చూడు, ఎంత నీటుగా ఉందో."

"నేను చెప్పింది వినపడలేదా?"

"విన్నాను."

నిజమే. విన్నాడు, కొట్టులో రేడియో విన్నట్టు.

ఆ వారం ఎండ తగ్గలేదు. సిమెంటు అంచు వెంట ముందు రంగు పోయింది. తర్వాత నడుమ మచ్చలు పడ్డాయి, మచ్చలు కలిసిపోయాయి. ఆయన నీళ్లు పూటపూటా చల్లాడు. టైలరు ఇచ్చిన ఎరువు గుప్పిళ్లతో పోశాడు, జుట్టు రాలినవాడి తలకి నూనె పట్టించినట్టు. మిగిలిన కాస్త పచ్చదనమూ దాంతో మాడింది. ఆవిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది. చెప్పడం మానేసింది.

ఆదివారం కూతురు ఒక భుజం పట్టింది. వాకర్ చప్పుడు గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ చెప్పు విప్పి ఒక పాదం గడ్డి మీద మోపింది. ఎండిన మొదళ్లు సూదుల్లా ఉన్నాయి. పాదం వెనక్కి తీసుకుంది.

"వానలకి మళ్లీ వస్తుంది కదమ్మా?" అంది కూతురు.

"వేళ్లు పోయాయి. మళ్లీ నాటాలి." తుంటి మీద చెయ్యి వేసుకుంది. "వంగి నాటాలి."

ఆ తుంటితో ఇక వంగకూడదని డాక్టరు చెప్పాడు. ముగ్గురికీ తెలుసు.

సెలూన్ మామ పైపు పట్టుకుని నిలబడ్డాడు. "చెప్పు. నువ్వెలా అంటే అలా చేస్తా. ఏం చెయ్యమంటావు?"

పెళ్లయినప్పటి నుంచి ఆయన అలా అడగడం అదే మొదలు. అడిగినప్పుడు చెప్పాలని ఆవిడ ఎన్ని మాటలు దాచుకుందో ఆయనకు తెలియదు. ఆవిడ నేల వైపు చూసింది. ఆయన వైపు చూసింది.

"మీ ఇష్టమండీ," అంది.

వాకర్ లోపలికి తిప్పింది.

నెల తిరిగేసరికి నడక బాగుపడింది. సాయంత్రాలు ఇంటి వెనక గచ్చు మీద, చెప్పులు వేసుకుని తిరుగుతుంది.