ఢేమ్సెలకు కట్టిన తెల్లదారం

తడిసిన నూలుదారం ఆవిరికి వేడెక్కితే ఒక వాసన వస్తుంది. ఈ పొద్దున కడాయి మూత తీయగానే, ఎల్లిపాయ కారం, వేయించిన పల్లీల ఘాటు వెనకనుంచి ఆ వాసన సన్నగా వచ్చి ముక్కుకు తగిలింది. గరిటె పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. పక్కన మా అమ్మాయి నిలబడి నవ్వుతోంది. "దారం ఎందుకే అమ్మా, పుల్ల గుచ్చితే అయిపాయె గద!" అంటుంది ప్రతిసారీ. పుల్ల గుచ్చినా కాయ మూత నిలుస్తుంది, నిజమే. కానీ నాకు కావలసింది మూత నిలవడం ఒక్కటే కాదు. ఆ సంగతి దానికి చెబుదామని ఎన్నోసార్లు మొదలుపెట్టాను. రెండు మాటలు కాగానే ఆపేస్తాను. కోపం తెచ్చుకుని "నీ పని నువ్వు సూస్కో పో" అని కసురుతాను. ఇట్లా అయితే ఎప్పటికీ చెప్పలేనని రాయడానికి కూర్చున్నాను.

ఢేమ్సె అంటే మీలో చాలామందికి తెలియకపోవచ్చు. పిడికిలంత గుండ్రని లేత ఆకుపచ్చ కాయ. హైదరాబాద్ వైపు దిల్‌పసంద్ అంటారు. సొరకాయకు చెల్లెలు అనుకోండి. ఎండాకాలం వచ్చిందంటే మా సోలాపూర్‌లో కొంతం చౌక్ దగ్గర తోపుడుబండ్ల మీద కుప్పలు కుప్పలుగా కనిపిస్తుంది. దానికంటూ పెద్ద రుచి ఉండదు, ఏది కూరితే ఆ రుచి. తొడిమ వైపు బిళ్లలా కోసి పక్కన పెట్టుకుని, లోపలి గుజ్జు చెంచాతో తీసి, పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, ఎల్లిపాయ, కారం దంచిన పొడిలో ఆ గుజ్జు కలిపి మళ్లీ కూరాలి. కోసిన బిళ్లనే మూతగా పెట్టి దారం అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చుట్టి ముడి వేయాలి. నూనెలో దొర్లించి సన్నసెగ మీద మగ్గనిస్తే, పొద్దున్నే వేడి జొన్నరొట్టెలోకి అంతకన్నా మంచి నాష్టా ఇంకొకటి ఉండదు. ఇది నాకు నేర్పింది నర్సవ్వత్త.

పెళ్లయి సోలాపూర్ వచ్చేనాటికి నాకు చారు కాచడం కూడా సరిగా రాదు. సిరిసిల్ల దగ్గర పల్లెలో పుట్టి, ఎనభైల మొదట్లో కుంఠా నాకా వెనక గల్లీలో ఒక్క గది కాపురానికి వచ్చాను. గల్లీ అంతా సాంచాల చప్పుడు. కరెంటుతో నడిచే మగ్గాలను మేం సాంచాలంటాం. ఆ చప్పుడులో మనిషి మాట వినబడాలంటే అరవాల్సిందే. నాకు అరవడం బాగానే వచ్చు గానీ అరిచి చెప్పుకోవడానికి మనుషులే లేరు. పక్క గదిలో నర్సవ్వత్త ఉండేది. రక్తసంబంధం ఏమీ లేదు, వరసపెట్టి పిలవడమే. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు రాజేశం, అప్పుడప్పుడే సాంచా మీద నిలబడుతున్నవాడు. తన ఇంటి ముందు అరుగు మీద మొదటి పాళీకి, అంటే పొద్దుటి షిఫ్టుకు, పోయేవాళ్లకు ఆమె నాష్టా పెట్టేది. మా ఆయనా అక్కడే తినేవాడు. నేను చేసింది తినలేక అని వేరే చెప్పనక్కర్లేదు.

"గింత పొడుగు పిల్లవు, రొట్టె చెయ్యరాదా? రా, కూసో" అంది మొదటిరోజే. నేను ముఖం ముడుచుకున్నాను. ఆమె పట్టించుకోలేదు. పిండి ముద్ద నా ముందు పెట్టి తన పని తాను చేసుకుంది. అట్లా కూర్చున్నదాన్ని ఆ పొయ్యి దగ్గరనుంచి చాలా ఏళ్లు లేవలేదు.

ఆమె దగ్గర ఒక తెల్లదారం ఉండ ఉండేది. దాన్ని వేడినీళ్లలో ఉడికించి, ఎండలో ఆరబెట్టి, ఇత్తడి డబ్బాలో దాచేది. నూలు గుట్టలు గుట్టలుగా పడి ఉండే గల్లీలో ఒక దారపుండకు ఇంత భద్రం ఏమిటా అని నాకు నవ్వొచ్చేది. ఒకరోజు ఆమెకు జ్వరం వచ్చింది. పొయ్యి నాకు అప్పగించి పడుకుంది. చూస్తే డబ్బా ఖాళీ. మూలన చద్దర్లు, అంటే దుప్పట్లు, నేసిన నూలు తుక్కు ఉంటే, అందులోంచి ఎర్రదారం తీసి ఢేమ్సెలన్నింటికీ కట్టాను. ముడులు ఎంత అందంగా వచ్చాయో అని మురిసిపోయాను కూడా. మూత తీసేసరికి కాయల మీద ఎర్రటి చారలు, నూనె అంతా ఎరుపు. బయట జనం కూర్చున్నారు, పాళీకి వేళవుతోంది. ఏమవుతుందిలే అని వడ్డించడం మొదలుపెట్టాను.

నర్సవ్వత్త ఎప్పుడు లేచి వచ్చిందో తెలియదు. ఒకాయన చేతిలో పళ్లెం లాక్కుంది. కడాయి ఎత్తి మొత్తం మోరీ కాలవలో పారబోసింది. "రంగు! మనుషుల కడుపులల్ల రంగు పోస్తున్నవానే?" అని అరిచింది. అందరి ముందూ అట్లా అనేసరికి నాకు ఒళ్లు మండింది. "దారమే గద! తీసి పారేస్తే ఏమైతది? గింత దానికి గంత లొల్లా?" అని నేనూ అరిచి, గదిలోకి పోయి తలుపేసుకున్నాను. పుట్టింటికి పోతానని మా ఆయనతో పంతం పట్టాను.

సాయంత్రం ఆమే వచ్చింది. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. గడప మీద కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పింది. "మా ఇంటాయిన రంగు కార్ఖానల జేసేటోడు. నూలు రంగు నీళ్లల్ల ముంచుడు, పిండుడు, గదే పని. మోచేతుల దాక రంగే. ఎంత తోమినా పోకపోయేది. అన్నం కలిపితే ముద్ద ఎర్రగయ్యేది, ఒకనాడు పచ్చగయ్యేది. ముద్ద సూసి, గీ వారం ఏం చద్దర్లు నడుస్తున్నయో నేను జెప్పేదాన్ని. ఇద్దరం నవ్వుకునేటోళ్లం." కొంగుతో నుదురు తుడుచుకుంది. "తర్వాత కడుపునొప్పి మొదలైంది. ఎండిపోయి ఎండిపోయి సచ్చిపోయిండు. రంగుతోని పోయిండని డాక్టర్ అనలే. ఎందుకు పోయిండో ఎవలూ జెప్పలే. గని నేను సూసిన గదనే పద్మా! ముద్ద ఎర్రగైతుంటె సూసుకుంట కూసున్న. నవ్విన."

నేను లేచి ఆమెకు కాసిని వేడినీళ్లు ఇచ్చాను. పుట్టింటి మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాత తెలిసింది, రాజేశం చేత ఆమె ఒట్టు వేయించుకుందని. తన నెత్తి మీద చెయ్యి పెట్టించి, రంగు కార్ఖానా గడప తొక్కనని అనిపించుకుంది. ఆమె బతుకులో కోరుకున్నది ఆ ఒక్కటే. ఇల్లు వద్దు, బంగారం వద్దు, కొడుకు చేతికి రంగు అంటకుండా ఉంటే చాలు. తిన్నవాళ్లందరూ ఢేమ్సె దారం విప్పి పళ్లెం అంచున పెట్టేవాళ్లు. పళ్లేలు తీసేటప్పుడు ఆమె ఒక్కొక్క దారం వేళ్లతో పట్టి వెలుగుకు చూసేది. తిన్నవాడి వేళ్లకు రంగుంటే దారానికి అంటుతుంది. తెల్లదారమే ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

కొన్నేళ్లు గడిచాయి. ఒక ఎండాకాలం పొద్దున రాజేశం తింటున్నాడు. నేను రొట్టెలు కాలుస్తున్నాను. అతను విప్పిన దారం పళ్లెం అంచున పడి ఉంది. నర్సవ్వత్త వంగి దాన్ని తీసింది. దారం ముడి దగ్గర నీలం. చేతులు తోముకునే వచ్చాడు పాపం, కానీ గోళ్ల సందుల్లో మిగిలింది వేడినూనెకు దిగి దారానికి పట్టింది.

"ఏ రంగు నడుస్తుందిరా?" అంది, చాలా మెల్లగా.

రాజేశం చేతిలో ముక్క అట్లాగే ఉండిపోయింది. "అమ్మా..."

"అడిగిందానికి జెప్పు. ఏ రంగు?"

"నీలం."

నాకు భయమేసింది. ఆమె కొడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు. రాజేశమే ఏడ్చాడు. మీసాలొచ్చిన మనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "సాంచాలు బంద్ పడ్డయే. మాలక్ అమ్ముకోని పోయిండు. అశోక్ చౌక్ దాక తిరిగిన, ఎవడూ కామ్ ఇయ్యలే. నీకు జెప్పే ధైర్నం లేకపాయె. ఒట్టు దప్పిన గద, నీకేమైతదోనని దినాం పొద్దుగాల నువ్వు లేస్తివా లేదా అని సూసి పోతున్న."

ఆ మాటకు నర్సవ్వత్త ముఖం మారిపోయింది. ఆ దారాన్ని చీరకొంగుకు ముడి వేసుకుంది. కొడుకు తల మీద చెయ్యి పెట్టింది. "అరే పాగల్, నేను సస్తనని భయపడ్డవా? ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. ఇగ లేదు. లే, చేతులు కడుగు."

సబ్బు, కొబ్బరి పీచు ఇచ్చింది. తోమి వచ్చాడు. ఇంకో ఢేమ్సె పెట్టింది. దారం మళ్లీ నీలం చూపింది. "ఇంకోసారి కడుగు" అంది. చర్మం ఎర్రగా కందిపోయేదాకా తోమాడు. అట్లా దారం తెల్లగా వచ్చేదాకా ముద్ద ముట్టనివ్వలేదు. ఈలోగా పనివేళ చెప్పే మిల్లు సైరన్ భోంగా మోగిపోయింది. ఆరోజు అతను పనికి ఆలస్యంగా పోయాడు.

మర్నాడు ఆమె అరుగు మీద నాష్టా పెట్టలేదు. ఢేమ్సెల గిన్నె నెత్తిన పెట్టుకుని, రొట్టెల గంప నాకిచ్చి, "నడువు" అంది. ఎక్కడికని అడుగుతూ వెంట నడిచాను. తిన్నగా రంగు కార్ఖానాకు పోయింది. భర్త పోయిన తర్వాత ఆ వైపు తల తిప్పి కూడా చూడని మనిషి, ఆ గేటు ముందు ఒక్క క్షణం ఆగి లోపలికి అడుగుపెట్టింది. ఆవిర్లు కక్కే తొట్లు, కాళ్ల కింద పారే రంగునీళ్లు, బనీన్లతో మనుషులు. గోడవార కూర్చుని గిన్నె దించింది.

"చేతులు కడుక్కోని రార్రి. దారం తెల్లగొస్తెనే రొట్టె. లేకుంటె లేదు" అంది.

"ఏంది నర్సవ్వా, మా పెండ్లాలు గూడ గింత సూడరు!" అని ఒకడు నవ్వాడు. "మీ పెండ్లాలు నవ్వుకుంట సూస్తున్నరు కావచ్చు. నేను గట్లనే సూసిన" అంది ఆమె. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే లేచి నల్లా దగ్గరికి పోయారు. ఒక ముసలాయన మాత్రం రాలేదు. చేతులు చాపి చూపించాడు. గీతల్లో, గోళ్లలో రంగు చర్మంలో కలిసిపోయింది. "ఇవి ఇగ తెల్లగ గావు బిడ్డా" అన్నాడు. నర్సవ్వత్త తనే దారం విప్పి, కాయ చిదిపి, రొట్టె ముక్కలు చేసి పళ్లెంలో పెట్టింది. కొంగులో చెంచా ఒకటి తెచ్చినట్టుంది, తీసి ఆయనకిచ్చింది. ఆయన ఆ చెంచాను చాలాసేపు చూసి తినడం మొదలుపెట్టాడు.

ఆమె గెలిచిందని నేను చెప్పను. కార్ఖానా మాలక్ పనివాళ్ల చేతులకు తొడుగులు తెచ్చివ్వలేదు. రాజేశానికి వేరే పని దొరకలేదు, ఏళ్ల తరబడి అక్కడే చేశాడు. కానీ ఆమె బతికినన్నాళ్లూ పండగ లేదు, పబ్బం లేదు, ఆ గోడవార గిన్నె దిగాల్సిందే. ఢేమ్సెలు దొరకని కాలంలో గుత్తి వంకాయలకు కట్టేది దారం. నాతో కట్టించేది. "గట్టిగ కట్టకు, విప్పరావాలె. వదులుగ కట్టకు, వేలు తగలాలె" అనేది. నాకు విసుగొచ్చి తిట్టుకున్న రోజులున్నాయి. అయినా పోయాను.

తొంభైల్లో ఒక వేసవిలో నర్సవ్వత్త నిద్రలోనే పోయింది. పదకొండో రోజు పిట్టకు, అంటే కాకికి, పోయినవాళ్ల పేరున ముద్ద పెట్టాలి. ఆమెకు ఇష్టమైనవి వండాలన్నారు. నేను ఢేమ్సెలు చేశాను. విస్తరి గోడ దగ్గర పెట్టి అందరం దూరం జరిగాం. కాకి వచ్చి గోడ మీద వాలింది, కిందికి దిగలేదు. జనం గుసగుసలాడారు. ముసలమ్మకు ఏదో కోరిక మిగిలిందన్నారు. రాజేశం తలదించుకుని నిలబడ్డాడు. ఉన్నట్టుండి విస్తరి దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చున్నాడు. అప్పుడు చూశాను, అలవాటు కొద్దీ నేను ఢేమ్సెకు దారం కట్టే పెట్టాను.

అతను మెల్లగా ముడి విప్పాడు. పదకొండు రోజులుగా పనికి పోలేదు. దారం తెల్లగా ఉంది. దాన్ని పట్టుకుని లేచి నా వైపు తిరిగాడు.

"తెల్లగనే ఉంది వదినా. ఇగ ఎవలకు సూపియ్యాలె?"

నేను చెయ్యి చాపాను. "నాకు సూపియ్యి" అన్నాను. అతను ఆ దారం నా అరచేతిలో పెట్టాడు. ఇద్దరం ఏడుస్తున్నాం. కాకి ఎప్పుడు దిగిందో నేను చూడలేదు.

రాజేశం రంగు పని మానేసి చాలా ఏళ్లయింది. తండ్రి బతికిన వయసు ఎప్పుడో దాటిపోయింది, జుట్టు నెరిసింది. ఢేమ్సెల కాలంలో ఆదివారం పొద్దున మా ఇంటికి నాష్టాకు వస్తాడు. ఈ పొద్దునా వచ్చాడు. తిన్నాడు, మా అమ్మాయితో పరాచకాలాడాడు. చెయ్యి కడుక్కునే ముందు దారం పళ్లెం అంచున పెట్టి, పళ్లెం నా ముందుకు జరిపాడు. పని మానేశాక ఇన్నేళ్లలో ఆ దారానికి రంగు అంటింది లేదు. అయినా తీసి కిటికీ వెలుగుకు పట్టి చూశాను. నేను తలూపేదాకా అతను లేవలేదు.