పదకొండో పడవ

నేను చేసిన ఒక పని బరువు ఇన్నేళ్లుగా నాతోనే లేస్తోంది, నాతోనే పడుకుంటోంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆమె పోయింది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల మొదట్లో నేను బెజవాడకు దిగువన ఒక కాలువ లాకు దగ్గర గుమాస్తాను. పడవ వస్తే లస్కర్లు లాకు తలుపులు తెరిచేవారు. నేను పడవ నంబరూ వేళా పలక మీద రాసుకుని, సాయంత్రం రిజిస్టరులోకి ఎక్కించేవాణ్ణి. భవానీపురంలో మా మామగారికి పడవలుండేవి. పైన ఇటుకలు, అడుగున పర్మిట్ లేని బియ్యం. అడ్డం వచ్చినవాళ్లను కొట్టడానికి మనుషులూ ఉండేవారు. అంతా తెలిసే వాళ్ల పిల్లను చేసుకున్నాను. ఆ ఇంట్లో అందరికీ జనం భయపడేవారు. నన్ను చూసి పిల్లి కూడా పక్కకు తప్పుకునేది కాదు.

పెద్ద బావమరిది వెంకటరత్నం వ్యాపారం చూసేవాడు. చిన్నవాడు శేషుకు ఆ పని గిట్టదు. తన పడవ ఖాళీగా దిగువకు తీసుకెళ్లి, బట్టీ నుంచి నిజంగా ఇటుకలే తెచ్చుకునేవాడు. గన్నవరంలో మిల్లు లారీ నడిపే పని కుదిరింది. వచ్చే నెలలో చేరాలి.

ఒక మధ్యాహ్నం వెంకటరత్నం పడవ మా లాకు దాటింది. పలక మీద పదకొండోది. గంట తిరక్కుండా కబురొచ్చింది. బియ్యం తనిఖీకి వచ్చిన జవానును పడవ మీంచి గెడతో తల పగలగొట్టారు. మనిషి అక్కడే పోయాడు. గట్టు మీద గేదెలు కాసే ముసలాయన దూరం నుంచి చూసి మామగారి పడవల్లో ఒకటని గుర్తుపట్టాడు గాని మనిషిని పోల్చుకోలేకపోయాడు.

నాలుగున్నరకు మామగారు రిక్షా దిగారు.

“అల్లుడుగారూ, పెద్దాడి పడవ మీ పుస్తకంలోకి ఎక్కిందా?”

“ఇంకా లేదండీ. పలక మీదే ఉంది.”

“ఎక్కించకండి. అంతే.”

“తలుపులు పదకొండుసార్లు తీశారండీ. లస్కర్లకు తెలుసు. పది రాస్తే తేడా వస్తుంది.”

“ఆ తేడా సంగతి నేను చూసుకుంటాను. మీరు మాత్రం తెలివితేటలు చూపించకండి బాబూ.”

ఆయన వెళ్లాక పలక తుడిచేశాను. రిజిస్టరులో పది వరసలు రాశాను. తలుపులు తీసిన లెక్క పదకొండు. పదకొండో గడి ఖాళీగా నన్నే చూస్తోంది. నా ఉద్యోగంలో ఒక్క గడి కూడా ఖాళీ వదలలేదు. ఏదో ఊరి పడవ నంబరు వేస్తే పక్క లాకు రిజిస్టరుతో కుదరదు. శేషు పడవ అయితే బట్టీ దగ్గరే ఆగి వెనక్కి వస్తుంది, పక్క లాకుదాకా వెళ్లదు. శేషు పడవ నంబరు వేశాను. ఆ రోజు వాడికి జ్వరం. పడవ భవానీపురం ఒడ్డునే కట్టేసి ఉంది.

పద్ధతి కోసమే వేశానా? చాలా ఏళ్లు అలాగే నమ్మాను. కాని అంతకు వారం ముందు వాళ్లింట్లో భోజనాల దగ్గర శేషు, “ఎన్నో ముద్ద బావా? సీరియల్ నంబరు వేశావా?” అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. ఆ నవ్వు నా కలం పట్టుకోలేదని ఇవాళ ఒట్టేసి చెప్పగలనా? చెప్పలేను.

కోర్టులో రిజిస్టరు చూపించి చేతిరాత నీదేనా అన్నారు. అవునండీ అన్నాను. అది నిజమే. పడవ దాటిన రోజు నా సొంత డైరీ తీసి చూస్తే ఇలా ఉంటుంది: ‘ఎండ ఎక్కువ. కాలువలో నీరు తగ్గింది. మామగారు వచ్చి వెళ్లారు.’ అందులోనూ అబద్ధం లేదు.

కొడుకులిద్దరూ ఇంట్లోనే ఉన్నారని మామగారు చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఆయన ఒక్కసారి నా వైపు చూసి తల దించుకున్నారు. నిజం చెబితే పెద్దవాడికి ఉరి. నా పేరు చెబితే కూతురి కాపురం కూలుతుంది. శేషుకు యావజ్జీవం పడింది.

జైలుకు వాణ్ణి చూడటానికి వెళ్లేది నేనొక్కణ్ణే. “నాన్న పెద్దాణ్ణి ఉంచుకుని, నీచేత రాయించి నన్నిచ్చేశాడు బావా” అనేవాడు. ఒంట్లో జాగ్రత్త అని చెప్పి వచ్చేసేవాణ్ణి. వాడు లోపల ఉండగానే వెంకటరత్నం బియ్యం వదిలేసి మాల వేసుకున్నాడు, ఊరంతా దండం పెట్టే మనిషయ్యాడు. బయటికొచ్చిన శేషు ఏ పని నుంచి పారిపోదామనుకున్నాడో అందులోనే దిగాడు, వేరే ముఠాతో. మామగారు చివరి రోజుల్లో చిన్నాణ్ణి పిలవమని అడిగారు. నేనే కబురు తీసుకెళ్లాను. వాడు రానన్నాడు. అప్పుడైనా నోరు విప్పాల్సింది. ఎందుకు విప్పలేదు? వాడు నన్ను చూసి నవ్వడం మానేసి చాలా కాలమైంది. ఆ గౌరవం పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

శేషు ఇప్పుడు గన్నవరంలో మంచం పట్టాడు. మొన్న చెబుదామనే వెళ్లాను. నా చెయ్యి పట్టుకుని, “మా వాళ్లలో నాకు మిగిలింది నువ్వొక్కడివే” అన్నాడు. నీళ్లు తాగించి తిరిగొచ్చాను.

క్షమించమని అడగను. అడగాల్సిన మనుషులు మీరు కారు. కాని ఈ నాలుగు మాటలు ఎక్కడో ఒకచోట ఉండాలి. మామగారు ఒక కొడుకును దాచమన్నారు, అంతే. రెండో కొడుకును నేనిచ్చాను. ఎవరూ అడగలేదు.