పబ్బులో ఆయుధ పూజ

ఆ రోజుల్లో మేము దేనికి భయపడేవాళ్లమో, దేనికి భయపడేవాళ్లం కాదో ఇప్పుడు తలుచుకుంటే రెండూ తలకిందులుగా కనిపిస్తాయి. చదువుకోవడానికి వచ్చిన ఈ పరాయి దేశంలో, యూనివర్సిటీలో ట్యూటర్‌ను చూస్తే వణికేవాళ్లం. పొగ అలారం అంటే లెక్కే లేదు. క్లేటన్‌లో మేము అద్దెకున్న ఇంట్లో పోపు వేసే ముందు అలారానికి ఎవరో ఒకరు కుర్చీ ఎక్కి షవర్ టోపీ తొడిగేవాళ్లు. భోజనాలయ్యాక తీసేవాళ్లు. (తీయడం మరిచిపోయిన రోజులే ఎక్కువ. ఇంటి ఓనరు తనిఖీకి వచ్చినప్పుడు అది దోమలు రాకుండా అని చెప్పాము.) ఆ ఇంట్లో నాతోపాటు ఉండేవాడు బావ. నాకు చుట్టరికమేమీ లేదు. అందరూ బావ అనేవాళ్లు, నేనూ అన్నాను. అమలాపురం మనిషి. చిన్నా పెద్దా, మనిషీ మెషినూ అని చూడకుండా అందరినీ 'అండీ' అనేవాడు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు పెద్ద మాటలు వాడకూడదని నా నమ్మకం. అందుకని అతని గొప్పతనం సంగతి వదిలేసి, అతను ఒక పబ్బుకు ఫైరింజన్ రప్పించిన సంగతి మాత్రం చెబుతాను.

స్టేషన్ దగ్గర ఒక పాత పబ్బు ఉండేది. మేము అక్కడ చెరో లెమన్ స్క్వాష్ ముందు పెట్టుకుని మధ్యాహ్నాలన్నీ గడిపేవాళ్లం. తాగడానికి కాదు, మూలనున్న ఆట మెషిన్ కోసం. తెర మీద పైనుంచి వరసలు వరసలుగా పురుగులు దిగుతుంటాయి. కింద చిన్న ఓడను అటూ ఇటూ జరుపుతూ వాటిని కాల్చాలి. బాగా ఆడినవాడు తన పేరు మూడు అక్షరాల్లో రాసుకోవచ్చు. మొదటి స్థానంలో ఎప్పటినుంచో 'డి ఏ జెడ్' అని ఉండేది. అది డాజ్. రిటైరైన ట్రామ్ డ్రైవరు, ఎండైనా వానైనా టోపీ తీయని మనిషి. అతని కిందే, రెండో స్థానంలో, 'బి ఏ వి'. అంటే మా బావ. ప్లగ్ పీకితే స్కోర్లన్నీ చెరిగిపోతాయని డాజ్ ఆ ప్లగ్ పక్కన 'ముట్టుకుంటే చంపుతా' అని రాసి అంటించాడు.

బావకు ఆ సెమిస్టర్ ఏదీ కలిసి రాలేదు. రెండు సబ్జెక్టులు పోయాయి. ఉద్యోగాలకు అప్లై చేస్తే 'మీ ఆసక్తికి ధన్యవాదాలు' అని జవాబులు వచ్చేవి. అలాంటి సమయంలో పబ్బు నడిపే ఆమె మా బల్ల దగ్గరికి వచ్చి, సోమవారం ఆ మెషిన్ తీసేస్తున్నామని, దాని చోట పోకీలు, అంటే ఆ జూదం మెషిన్లు వస్తాయని చెప్పింది. బావ స్క్వాష్ గ్లాసు కింద పెట్టాడు.

"ఈ దేశంలో ఒక్క లిస్టులోనైనా నా పేరు పైన చూసుకోవాలండీ. శనివారం కొట్టేస్తాను, ఆయ్."

"ఏడాది సంది కొడ్తనే ఉన్నవ్ కదనే బావా," అన్నాను.

"ఏడాదిగా పూజ చెయ్యలేదండీ. శనివారం దసరా. ఆయుధ పూజ చెయ్యని మెషిన్ మాట వింటుందా? మీరే చెప్పండి."

మా నాన్న తన స్కూటర్‌కు నిమ్మకాయలు తొక్కించకుండా దసరా దాటనిచ్చేవాడు కాదు. నాకది న్యాయంగానే తోచింది.

శనివారం మధ్యాహ్నం పసుపు, కుంకుమ, పూలు, కొబ్బరికాయ పట్టుకుని వెళ్లాము. బావ పబ్బు ఆమెను అనుమతి అడిగాడు. ఆమె దాన్ని పుట్టినరోజు లాంటిదేదో అనుకుని, "గో ఫర్ ఇట్, లవ్," అంది. బావ మెషిన్‌ను తడిగుడ్డతో తుడిచి, నెత్తిన బొట్లు పెట్టి, కాల్చే మీటకు చామంతి పూలదండ చుట్టాడు. కొబ్బరికాయ కార్ పార్క్ మెట్టు మీద కొట్టుకొచ్చాడు. డాజ్ ఒక చిప్ప అందుకుని బీరుతోపాటు నంజుకోసాగాడు.

"ఇదంతా నన్ను ఓడించడానికేనా, మేట్?"

"ఆయ్. మీరేం అనుకోకండి."

"నాకూ ఒక బొట్టు పెట్టు. సమానంగా ఉండాలి కదా."

బావ అతని టోపీకి పెట్టాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత పళ్లెంలో కర్పూరం వెలిగించి హారతి ఇచ్చాడు. ఇవ్వాల్సిన దానికన్నా ఎక్కువే ఇచ్చాడు. ఇంట్లో పోపుకు టోపీ వెతికే మాకు, పబ్బు కప్పుకు కూడా అలారం ఉంటుందన్న ఆలోచనే రాలేదు.

అది మోగింది. ఇంట్లో అలారం పిల్లిలా అరిచేది. ఇది పబ్బును మొత్తం ఖాళీ చేయించింది. మేమంతా పేవ్‌మెంట్ మీద నిలబడి ఉండగా ఫైరింజన్ వచ్చింది. పెద్ద బూట్లతో నలుగురు లోపలికి వెళ్లి, నియమం ప్రకారం మెయిన్ స్విచ్ కట్టేశారు. బావ ముఖం ఎలా అయిందో నాకు గుర్తుంది. డాజ్ మాత్రం నోట్లోని కొబ్బరి ముక్క నమలడం ఆపేశాడు.

కరెంటు తిరిగి వచ్చాక మెషిన్ కొత్తదానిలా వెలిగింది. లిస్టులో ఫ్యాక్టరీవాళ్లు పెట్టిన పనికిమాలిన అక్షరాలే ఉన్నాయి. డాజ్ లేడు, బావ లేడు. డాజ్ టోపీ సర్దుకుని, "సరే, ఇప్పుడు ఆడు. ఎంత కొట్టినా నీదే ఫస్టు," అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది.

బావ పూలదండ తీసేసి ఆడాడు. ఎన్నడూ లేనంత బాగా ఆడాడట. ('అట' అనడానికి కారణం ఉంది, చెబుతాను.) ఆట ముగిసి మెషిన్ పేరు అడిగింది. నేను వచ్చేసరికి బావ ఒక్కొక్క అక్షరమే తిప్పుతున్నాడు. డి. ఏ. జెడ్.

"గదేందే బావా! గది నీ పేరా?"

"ఆయన పేరు చెరిపింది నేనే కదండీ. నేనే రాయాలి."

తర్వాత డాజ్ ఆడాడు. స్కోరు కాస్త తక్కువే వచ్చింది. బి, ఏ, వి అని రాసి, "బ్లడీ హెల్, మళ్లీ మొదటికే వచ్చాం," అని పొలమారేలా నవ్వాడు. నిజమే. పైన డాజ్, కింద బావ. సోమవారం మెషిన్ అలాగే వెళ్లిపోయింది.

ఆ రోజు డాజ్ పాత స్కోరును దాటానని బావ జీవితాంతం వాదించాడు. పాత స్కోరు చెరిగిపోయింది కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. పోయిన చలికాలం ఆసుపత్రిలో మాట కష్టమైపోయినప్పుడు కూడా అన్నాడు: "దాటానండీ. మీరు చూశారు కదా." చూశానన్నాను. నేను చూడలేదు. అతను ఆడుతున్నంతసేపూ నేను బయట ఫైర్‌వాళ్లకు కర్పూరం అంటే ఏమిటో వివరిస్తున్నాను.

మొన్న బావ కూతురు నన్ను సిటీలో ఒక బారుకు తీసుకెళ్లింది. పాత ఆటల మెషిన్లు పెట్టిన బారు. "నాన్న స్టోరీ అంతా నిజమేనా అంకుల్, ఆర్ వాజ్ హీ మేకింగ్ ఇట్ అప్?" అని దారిపొడుగునా అడుగుతూనే ఉంది. అదే ఆట అక్కడుంది. నా ఓడలు వరసగా పేలిపోయాయి. ఎలాగో లిస్టులో అట్టడుగున చోటు దక్కింది. మూడు అక్షరాలు తిప్పాను. బి. ఏ. వి.

"అంకుల్, దట్స్ నాట్ యువర్ నేమ్," అంది ఆ పిల్ల. తర్వాత ఇంకో కాయిన్ వేసింది.

ఆమె ఆడుతుంటే నేను తలెత్తి కప్పు వంక చూశాను. సరిగ్గా మా నెత్తి మీద అలారం ఎర్రగా మినుకుమంటోంది. నా జేబులో కర్పూరం లేదు. ఉంటే ఏం చేసేవాణ్నో చెప్పలేను.